మట్టయ్య హుషారు

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక ఎడమచేతి వైపు మట్టయ్యకు ద్రాక్షతోట ఉండేది. ఇప్పుడు అక్కడ మా కాలనీ ఉంది. తోట ఉన్నన్నాళ్లు అక్కడి బావిలో నీళ్లుండేవి. కాలనీకి గంగాభవాని నగర్ అని పేరు పెట్టిన ఏడాదికే బావి ఎండిపోయింది.

మట్టయ్య పుట్టు నెమ్మదస్తుడు. ఉగాదికి ఏదైనా అడిగితే దసరాకు "చూద్దాం" అంటాడని ఊళ్లో చెప్పుకునేవారు. ఎనభైల మొదట్లో ప్లాట్ల వ్యాపారం దిల్‌సుఖ్‌నగర్ దాటి తూర్పుకు పాకింది. చుట్టుపక్కల రైతులంతా పొలాల్లో సున్నం గీతలు గీయిస్తున్నా, ఆయన మాత్రం తీగలు కత్తిరించుకుంటూ కూర్చున్నాడు. వరసకు తమ్ముడయ్యే జనార్ధన్ భూముల బ్రోకరు. తోట అమ్మమని వచ్చి అడిగినప్పుడల్లా ఆయన "చూద్దాం" అనేవాడు.

ఒక ఎండాకాలం మనిషి మారిపోయాడు. కోడి కూయకముందే లేచి తోట చుట్టూ తిరిగేవాడు. రొట్టెల తట్ట ఖాళీ చేసి ఇంకా ఉన్నాయా అని అడిగేవాడు. అంత తింటున్నా ఒంట్లో కండ కరిగిపోతోంది. చలికాలం వచ్చినా చొక్కా గుండీలు విప్పుకుని విసనకర్ర పట్టుకునేవాడు. ఒక చోట కాసేపు కూర్చోలేడు. ద్రాక్ష కాపుకు రావాలంటే కాలం పడుతుంది, ఆయనకేమో ఆగే ఓపిక పోయింది. ఒకరోజు పొద్దున్నే కూలీలను పిలిపించి, తానూ ఒక పలుగు పట్టుకుని, తీగలన్నీ పెకిలించేశాడు. సాయంత్రం జనార్ధన్‌కు కబురు పెట్టాడు. జనార్ధన్ దేవుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు.

అప్పటినుంచి మట్టయ్యకు ఎదురులేదు. ఆదివారాల్లో కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు సంసారాలతో సహా బస్సు దిగేవారు. నేనూ అలా దిగినవాణ్ణే. మట్టయ్య ముందు నడుస్తుంటే మేం వెనక పరుగెత్తేవాళ్లం. ఇదిగో బడి, అదిగో బజారు అంటూ ముళ్లకంపల వైపు చూపించేవాడు. మాట మాటకు మధ్య గాలి దూరే సందుండేది కాదు. పైగా ఆయన కళ్లు పెద్దవై, రెప్ప వేయకుండా మా మొహాల్లోకి చూసేవి. రెప్ప వేయకుండా చూసేవాడు అబద్ధం ఆడడని మా ఆవిడ తేల్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆయన చేతులు వణికి, అరచేతులు చెమటలు పట్టేవి. తాతల నాటి నేల పోతోందన్న దుఃఖం కాబోలనుకుని మేమంతా కళ్లు తుడుచుకున్నాం.

కాలనీలో ఇళ్లు లేచాక సంఘం పెట్టుకుని ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశాం. కార్యదర్శి శ్రీరామమూర్తి. తెనాలి వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జువాలజీ చెప్పేవాడు, మట్టయ్య ఇంటి పై వాటాలోనే కిరాయికి ఉండేవాడు. సన్మాన సభలో ఆయన చాలాసేపు మాట్లాడాడు. అలుపెరగని మనిషినీ, నిద్ర అక్కర్లేని మనిషినీ తాను మొదటిసారి చూస్తున్నానని చెప్పి, ఉక్కు నరాలకు ఇంతకంటే ఉదాహరణ ఏముంటుందని అడిగాడు. ఆ వారమే ఆయన క్లాసులో థైరాయిడ్ గ్రంథి పాఠం పూర్తిచేశాడు. ఆ పాఠం ఆయనకు కంఠతా వచ్చు. మట్టయ్య కంఠం మీద మాత్రం చూపు పడలేదు, ఎందుకంటే దాని నిండా పూలదండలున్నాయి.

చూసిన మనిషి ఆయన భార్య అండాలమ్మ ఒక్కతే. ఉతికిన చొక్కా తొడుక్కుంటుంటే నడుము దగ్గర సంచిలా వేలాడుతోంది, మెడ దగ్గర గుండీ మాత్రం పట్టడం లేదు. ఒళ్లంతా తగ్గిన మనిషికి మెడ ఎందుకు పెరిగిందని ఆమె జనార్ధన్‌ను అడిగింది. పక్కన కూర్చుంటే గుండె దరువు వినిపిస్తోందని కూడా చెప్పింది.

"గది దమ్ము వదినా," అన్నాడు జనార్ధన్. "గంత దమ్మున్న మనిషి ఈ చుట్టుముట్టు ఒక్కడు లేడు. దిష్టి తగిలేటట్టు మాట్లాడకు."

బోరు వేసిన రోజున ఆ దమ్ము బయటపడింది. కొబ్బరికాయ కొట్టినా లారీవాళ్లు ఇంకా గొట్టాలు బిగించలేదని మట్టయ్య అరిచాడు, తిట్టాడు, చివరికి గొట్టం తనే ఎత్తబోయి అక్కడే చతికిలబడ్డాడు. గుండె బండరాళ్ల మీద బండి వెళ్లినట్టు ఎగిరెగిరి పడుతోంది. అండాలమ్మ ఆటో పిలిపించి మలక్‌పేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ ఆయన్ను రెండు చేతులూ ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక పల్చటి కాగితం పరిచింది. కాగితం గాలి లేకుండానే రెపరెపలాడింది. గ్లాసెడు నీళ్లిచ్చి మింగమంది. మింగిన ప్రతిసారీ మెడలోని ఉబ్బు పైకి లేచి దిగింది. రక్తం పరీక్ష చేయించి, థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి హార్మోను పోస్తోందని తేల్చింది. రోజూ మింగాల్సిన గోలీలు రాసి, నెలన్నరకల్లా మళ్లీ రావాలని, మోతాదు మార్చాల్సి ఉంటుందని గట్టిగా చెప్పింది.

ఆ సాయంత్రం శ్రీరామమూర్తి మెట్లు దిగి వచ్చి, ఎవరూ అడగకుండానే పాఠం మొదలుపెట్టాడు. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ ఉంటుందట. ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గితే అది రక్తంలోకి ఒక కబురు వదులుతుంది. మెడలోని గ్రంథి ఆ కబురందుకుని హార్మోను తయారుచేస్తుంది. సరిపడా అయిందని తెలియగానే పిట్యూటరీ కబురు ఆపేస్తుంది. మట్టయ్య విషయంలో పిట్యూటరీ ఎప్పుడో నోరు మూసుకుంది. కానీ ఆయన రక్తంలోనే పుట్టిన మరో పదార్థం అచ్చం పిట్యూటరీ కబురులాగే వెళ్లి గ్రంథిని తట్టి లేపుతోంది. గ్రంథికి తేడా తెలియదు.

మట్టయ్య వెంటనే అందుకున్నాడు. "అంటే ఓనరు ఇంట్ల ఊకె కూసున్నడు. దొంగ సంతకం మీద పని నడుస్తున్నది. గంతే గద సారూ?"

అంతేనని శ్రీరామమూర్తి ఒప్పుకుని మరింత ఉత్సాహపడ్డాడు. చేపకు, కప్పకు, కోడికి, గేదెకు, వెన్నెముక ఉన్న ప్రతి జీవికీ ఈ గ్రంథి ఉంటుందన్నాడు. తోకకప్ప కప్పగా మారడం దీని చలవేనట. తోకకప్పలున్న నీళ్లలో ఈ హార్మోను కలిపితే పెరగకముందే తోక పోయి, కాళ్లు వచ్చి, ఈగంత కప్పలు తయారవుతాయట.

అండాలమ్మ అంతా విని నెమ్మదిగా అడిగింది. "గిదంత మీకు ముందుగాల్నే ఎర్కనా సారూ? మా ఆయన రోజు మీ కండ్ల ముందట్నే తిరుగుతుండె గద."

"మా సిలబస్‌లో ఉన్నది కప్పండీ," అన్నాడు శ్రీరామమూర్తి.

గోలీలు పనిచేశాయి. కొన్ని వారాలకు వణుకు తగ్గింది, ఆకలి దారికొచ్చింది, చూపు మెత్తబడింది. కష్టమంతా జనార్ధన్‌కు వచ్చింది. ప్లాటు చూడవచ్చినవాళ్లతో మట్టయ్య తీరిగ్గా నడుస్తూ, బోరులో నీళ్లు పడలేదనీ, తొందరేమీ లేదు, ఇంట్లో ఆలోచించుకుని రమ్మనీ చెప్పసాగాడు. పైగా మాట్లాడుతూ రెప్పలు వేస్తున్నాడు. వచ్చినవాళ్లకు అనుమానం పట్టుకుంది. ఆదివారం ఒక్కపూట గోలీ మానేస్తే ఏం పోతుందని జనార్ధన్ బతిమాలాడు. అండాలమ్మ గోలీల సీసా కొంగున కట్టుకుంది.

అక్కడే ఆమెవల్ల ఒక పొరపాటు జరిగింది. మొగుడు బాగుపడ్డాడు కదా అని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లలేదు. ఎంత మోతాదు వల్ల నయమైందో అంత మోతాదూ భక్తిగా మింగిస్తూ వచ్చింది. మట్టయ్య నెమ్మది దాటి మందగించాడు. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. నడివేసవిలో గొంగడి కప్పుకుని అరుగు మీద కదలకుండా కూర్చునేవాడు. ఏదైనా అడిగితే ఆ ప్రశ్న ఎక్కడికో వెళ్లి తిరిగొచ్చినట్టు చాలాసేపటికి "ఆఁ" అనేవాడు.

కాలనీ ఈ మార్పును కూడా గౌరవించింది. ఆస్తి అమ్ముకున్నాక విరక్తి కలగడం సహజమన్నారు. ఎండ తగలదు, కోపం రాదు, అడిగితే ఒక్క మాటే చెబుతాడు, అదీ ఆలోచించి. పార్కుకు వదిలిన జాగాలో గుడి కడదామని జనార్ధన్ అప్పటికే ఎత్తు వేసి ఉన్నాడు. మట్టయ్యను తెచ్చి అక్కడ ఒక కుర్చీలో కూర్చోబెట్టాడు. చందాలు బాగా వచ్చాయి. కూతురి పెళ్లి ముహూర్తం ఖాయం చేయమంటారా అని శ్రీరామమూర్తి వెళ్లి అడిగితే, కాసేపటికి "ఆఁ" అని వినిపించింది. ఆయన కాళ్లకు దండం పెట్టి వచ్చాడు.

అండాలమ్మకు మాత్రం సాధువుతో కాపురం సాగలేదు. చేయి పట్టుకుంటే చల్లగా, బరకగా ఉందని మళ్లీ మలక్‌పేట తీసుకుపోయింది. డాక్టరమ్మ ఇద్దర్నీ కోప్పడింది. ఇప్పుడు పిట్యూటరీ హార్మోను కావాలని గొంతు చించుకుంటోంది, గోలీలేమో గ్రంథి చేతులు కట్టేశాయి, అని చెప్పి మోతాదు బాగా తగ్గించింది. ఈసారి తేదీ అండాలమ్మ చేతనే పైకి చెప్పించింది.

వానాకాలం గడిచేసరికి మట్టయ్య మామూలు మనిషయ్యాడు. సంఘం సమావేశానికి వచ్చి, అందరికీ వినపడేటట్టు, తొందర లేకుండా చెప్పాడు. "గది పార్కు జాగ. నక్ష గీయించింది నేనే. గాడ గుడి కట్టొద్దు, పిల్లలు ఆడుకోవాలె."

మట్టయ్య బాగా డల్ అయిపోయాడని బయటికొచ్చాక శ్రీరామమూర్తి బాధపడ్డాడు. తర్వాత వచ్చిన ఎన్నికల్లో అధ్యక్షుడిగా జనార్ధన్‌ను ఎన్నుకున్నాం.

ఒక మధ్యాహ్నం అరుగు మీద మట్టయ్య భార్యను అడిగాడట, తోట నిజంగా తానే పీకాడా అని. నీ చేత్తోనే పీకినవ్ అని ఆమె చెప్పింది. ఆయన మెడ తడుముకుని, "అమ్మింది నేనా, గీ గడ్డా?" అన్నాడు. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదని మా ఆవిడతో చెప్పుకుంది.

కొన్నాళ్లకు జనార్ధన్ బడంగ్‌పేట్ దగ్గర పెద్ద వెంచర్ పెట్టుకుని మట్టయ్య ఇంటికి వచ్చాడు. అటూ ఇటూ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, గా గోలీలు కాకుండ, గ్రంథిని ఉషారు చేసే గోలీలు వేరే ఉంటయంట గద. నేను వేసుకుంటే ఎట్లుంటది?"

మట్టయ్య కాస్త ఆలోచించాడు. "ఉన్నయి. గని గవి తక్కువైనోళ్లకు ఇస్తరు. నీకు తక్కువైంది గది కాదు తమ్మీ."

జనార్ధన్ చాయ్ తాగకుండానే లేచి వెళ్లాడు. ఆ వెంచర్‌లో ప్లాట్లు బాగానే అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది డాక్టరమ్మ మట్టయ్యకు గోలీలు పూర్తిగా మాన్పించింది. అప్పుడప్పుడూ రక్తం పరీక్షకు మాత్రం రమ్మంది. ఆయన్ను ఎవరూ సభలకు పిలవడం లేదు. మధ్యాహ్నం అన్నం తిని హాయిగా నిద్రపోతున్నాడు.