అప్పన్న చెవులు

ఇన్నేళ్లూ నిటారుగానే నడిచాను. వెన్ను వంచితే లోపల మోస్తున్నది ఎక్కడ బయటపడుతుందోనని భయం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా నాన్నగారు విశాఖ తీరం నుంచి కుర్రతనంలోనే ఓడెక్కి వచ్చి, మలయా దేశపు పెరాక్‌లో తగరం గని, దాని చుట్టూ రబ్బరు తోటలు సంపాదించారు. గని కింద కాలువలో ఆడవాళ్లు మోకాలిలోతు నీళ్లలో నిలబడి, చెక్క పళ్లేలతో ఇసుక కడిగి తగరం తీసేవారు. కొండ మీది చెరువు తూము రోజూ వేళకు ఎత్తుతారు. ఎత్తేవాళ్లకు కింద ఎవరున్నదీ కనపడదు. అందుకని ముందుగా, గుంజకు వేలాడే రైలు పట్టాను మోగించి ఆడవాళ్లను గట్టెక్కించాలి. ఆ పట్టా నాన్నగారే కొట్టేవారు. నీళ్లు నావి గనుక పిలుపూ నాదే అనేవారు. ఇంకెవరూ దాన్ని ముట్టుకునేవారు కాదు.

ఒకసారి ఆయన పని మీద సింగపూరు వెళ్తూ, పట్టా సంగతి చూడమని నాకు చెప్పారు. నేనప్పుడే చదువు ముగించి వచ్చాను. కూలీల ముందు ఇనుము బాదడమా? కాపలాదారు అప్పన్న ఉన్నాడుగా, వాడే కొడతాడులే అనుకున్నాను. అనుకున్నానంతే. వరండాలో కాఫీ తాగుతూ కూర్చున్నాను. అప్పన్న గుంజ పక్కనే నిలబడి నా వైపు చూస్తున్నాడు. పెద్దదొర ఏనాడూ వేళ తప్పలేదు గనుక నేనూ వస్తాననుకున్నాడు. దొర పట్టాను తాను తాకకూడదనుకున్నాడు. నన్నెందుకు చూస్తున్నాడో నాకు నిజంగా అర్థం కాలేదా? ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు.

నీళ్లొచ్చాయి. మిగతావాళ్లు ఎలాగో గట్టు పట్టుకున్నారు. అప్పన్న భార్య పైడమ్మ పట్టుకోలేకపోయింది.

నాన్నగారు తిరిగొచ్చి అందరి ముందూ అడిగారు.

"కొట్టమని వీడికి చెప్పావా?"

"చెప్పాను."

అప్పన్న నా ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. తర్వాత తల దించుకున్నాడు.

"సినబాబు సెప్పినారంటే సెప్పే ఉంటారు బాబూ. నాకే ఇనపడనేదేమో."

ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేశారు. నేను అడ్డు చెప్పలేదు. కొన్నేళ్లకు గని మూతపడింది, తోటలు చేతులు మారాయి, నాన్నగారు పోయారు. అది నా పాపఫలమని చెప్పుకుంటే ఎంతో కొంత తీరినట్టవుతుంది. కానీ తగరం ధర పడిపోయి మేమొక్కరమే మునగలేదు.

ఇప్పుడు సింగపూరులో, సెంగ్‌కాంగ్ అనే పేటలో చిన్న ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటున్నాను. పెళ్లయి ఈ ఊరికే వచ్చిన అప్పన్న కూతురు నూకరత్నం పక్క బ్లాకులో ఉంటుంది. అందరికీ నేను అంకుల్‌ని. ఆమె ఒక్కతే ఇంకా నన్ను చినబాబుగారూ అంటుంది, నేను కనపడితే కుర్చీలోంచి లేస్తుంది. ఆ పిలుపు కోసమే ఇంతకాలం నోరు మూసుకున్నానా? గని పోయింది, తోటలు పోయాయి, మిగిలిన దొరతనం ఆ ఒక్క పిలుపే. అదీ ఆమె తండ్రికి అంటగట్టిన అబద్ధం మీద నిలబడింది.

మొన్న బ్లాకు కింద కనపడింది. మనవరాలి బిడ్డకు చెవుల పరీక్ష చేయించి వస్తున్నారు.

"మా అయ్యకి సెవుడు గదా బాబూ. ఆ సెవుడే మాయమ్మని మింగీసినాది. పిల్లకి రాకూడదని."

"చెవులు ఓకే లా, అమ్మమ్మా. ఎవ్రీ ఇయర్ సేమ్ స్టోరీ," అని మనవరాలు విసుక్కుంది.

అప్పన్న బతికినంతకాలం, ఎవరు పిలిచినా రెండోసారి అడిగి నిర్ధారించుకునేవాడట. ఇదీ ఆమే చెప్పింది, నవ్వుతూ. నేను తల ఊపాను. చెప్పాలనే నోరు తెరిచాను. పిల్లకు జాగ్రత్త అని మాత్రం అని లిఫ్టు వైపు నడిచాను, నిటారుగానే.

ఆమెకు ఎప్పటికైనా చెప్పగలనా? చెప్పలేననే అనిపిస్తోంది. కనీసం ఒక్కచోటైనా నిజం ఉండాలని ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే చెయ్యి కాస్త తేలికైంది, అంతే.

ఆ రోజు అప్పన్నకు నేనేమీ చెప్పలేదు. అతని చెవులు బాగానే ఉన్నాయి.