అమ్మ గొంతు, చిన్నాయన సినిమా

మొన్న మంగళవారం పొద్దున మా చిన్నాయన కన్నుమూశాడు. నగర్తపేట ఇంట్లో కాఫీ తాగి, గ్లాసు కింద పెడుతూ కూలబడ్డాడట. ఫోన్ పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన నోటి నుంచి “తప్పయిపోయింది” అనే ఒక్క మాట కోసం ఏడేళ్ళు ఎదురుచూశాను. ఇక అది వినే యోగం లేదు.

ఆయన ఫొటోగ్రాఫరు. చిన్న చిన్న డాక్యుమెంటరీ సినిమాలు కూడా తీసేవాడు. ఎవరు మనవాళ్ళు, ఎవరు కారు అని మనుషులు ఎట్లా తేలుస్తారన్నదే ఆయన ధ్యాసంతా. కాడుగోడి వైపు చదువుకునే ఆఫ్రికా పిల్లలకు ఒంటి రంగు చూసి ఇల్లు అద్దెకివ్వకపోతే, వాళ్ళ వెంట కెమెరాతో గడప గడపా తిరిగాడు. ఒకాయన ముఖం మీదే తలుపేస్తే, ఆ మెట్ల మీదే కూర్చుని వాళ్ళతో కలిసి చిత్రాన్నం తిన్నాడు.

నాకు కెమెరా పట్టడం నేర్పింది ఆయనే. “ముందు వాళ్ళింట్లో కాఫీ తాగు పాపా, ఫొటో తర్వాత” అనేవాడు. లెన్సును కొంగుతో తుడవబోతే “దాని కన్ను పీకేస్తావా ఏమి?” అని కసిరేవాడు. ఎదుటి మనిషి ఇబ్బంది పడుతున్నట్టు కనిపిస్తే కెమెరాకు టక్కున మూత పెట్టేసేవాడు. నేను ఈ పని చేసుకుని బతుకుతున్నానంటే ఆయన చలవే. అది మరిచిపోలేను. ఆయన చేసిన రెండో పనీ మరిచిపోలేను.

మా అమ్మ ఆ ఇంటికి పెద్ద కోడలు. తల్లి లేని మరిదిని పదేళ్ళప్పటి నుంచి తలంటి పోసి పెంచింది. ఆమెవి పిల్లి కళ్ళు, ఒళ్ళు మరీ తెలుపు. వీధిలో “దొరసాని” అని ఆట పట్టించేవాళ్ళు. చిన్నాయన మా కుటుంబం మీదే సినిమా మొదలుపెట్టి, అమ్మను ఎదుట కూర్చోబెట్టుకుని ఆ కళ్ళ సంగతి అడిగాడు. అమ్మ బిగుసుకుపోయింది. ఆయన మూత పెట్టాడు.

“మూసినావా అప్పా?”

“మూసేసినా వదినా, నువ్వే చూడు.”

అమ్మ నా వైపు చూసింది. “చెప్పమ్మా, మన చిన్నాయనే కదా” అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

అప్పుడు చెప్పింది. అమ్మమ్మ వైట్‌ఫీల్డులో ఒక ఆంగ్లో ఇండియన్ దొర ఇంట్లో వంటపని చేసేదని, తను ఆ దొర బిడ్డనని. “మా అమ్మ పోయే ముందర నాకొక్కదానికే చెప్పింది. ఈ పొద్దుదాకా మీయన్నకు గూడా చెప్పలేదప్పా” అంది.

సినిమా మొదటిసారి వేసిన రోజు చుట్టాలందరినీ పిలిచాడు. మధ్యలో తెర నల్లబడింది. బొమ్మ లేదు, అమ్మ గొంతు ఒక్కటే వినిపించింది. ఆయన కెమెరాకు మూత పెట్టాడు గానీ మైకు ఆపలేదు. చివర అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

బయట నిలదీస్తే, “ముఖం చూపించలేదు కదా పాపా. ఇట్లాంటి నిజం దాచిపెట్టుకుని ఏం చేస్తారు?” అన్నాడు. ఆ నిజమేదో ఆయన సొంతమైనట్టు.

నాన్న నెల రోజులు అమ్మతో మాట్లాడలేదు. మా వాళ్ళలో ఎవరి సీమంతమైనా మొదటి గాజు తొడిగేది అమ్మే. ఆ ఏడాది బళేపేటలో గాజుల అంగడి ఉన్న మా మేనత్త ఇంట సీమంతం జరిగితే, అమ్మకు పిలుపే రాలేదు.

అయినా మంగళవారం అమ్మ బయలుదేరింది. “నా చేత పెరిగినోడు, పోకుంటే ఎట్లా?” అంది. గడప దాటుతూనే “అయ్యో నాయనా, నాకంటే ముందర పోతివే” అని గొంతెత్తింది. శవం పక్కన కూర్చున్న చిన్నాయన శిష్యురాలొకతె చటుక్కున తలెత్తింది.

“ఆంటీ, సినిమాలో ఆ చీకట్లో వినిపించే వాయిస్ మీదే కదా?” అంది. ఆదరంగానే అడిగింది పాపం. చుట్టూ ఉన్నవాళ్ళంతా అమ్మ వైపు తిరిగారు.

అమ్మ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ మరిది కాళ్ళ దగ్గర కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, పాడె లేచేదాకా చిన్న చప్పుడైనా బయటికి రానివ్వకుండా ఏడ్చింది.