దసరా రంగు కింద కదిలిన ఇనుము

నేను చెప్పింది అప్పుడు ఎవరూ వినలేదు, తర్వాత ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

తొంభైల చివర హనుమాన్ జంక్షన్ దాటాక పొలాల మధ్య ఒక చిన్న రిఫైనరీ ఉండేది. బెజవాడ లారీ షెడ్లలో తీసేసిన పాత ఇంజన్ ఆయిల్ పీపాల్లో వచ్చేది. దాన్ని మరిగించి, ఆవిరి చేసి, చల్లార్చి మళ్లీ మంచి నూనె తీసేవాళ్లం. ఒక చివర నల్లటి మడ్డి పోస్తే రెండో చివర తేనె రంగు ధార పడేది. నేనక్కడ మెయింటెనెన్స్ ఇంజనీరుని. ఎన్నేళ్లు చూసినా ఆ ధార దగ్గర ఒక్క నిమిషం ఆగకుండా పోయేవాణ్ణి కాదు.

బయటికి పోయే వేడి నూనె, లోపలికి వచ్చే చల్లని నూనెకు తన వేడిని ఇచ్చిపోయేది ఎక్స్ఛేంజర్ అనే పొడుగాటి ఇనుప గొట్టంలో. ఆ మేరకు కొలిమికి ఇంధనం మిగిలేది. దాని పక్కనే వేడి నూనె పంపు.

ఏటా దసరాకి ప్లాంటు ఆపి, యంత్రాలు కడిగి, రంగులు వేసి, వదులుగా కనపడిన ప్రతి నట్టూ బిగించి ఆయుధపూజ చేసేవాళ్లం. మళ్లీ నడిపిన కొద్ది రోజులకే ఆ పంపులో తిరిగే కడ్డీ చుట్టూ నూనె బయటికి రాకుండా ఆపే సీలు దగ్గర నూనె కారేది. అంత వేడి నూనెకు గాలి తగిలితే ముందు పొగ, తర్వాత మంట. నింద మాత్రం సీలు బిగించే ఫిట్టర్ మీద. ఆయన పామర్రు నుంచి బస్సులో వచ్చే ముస్లిం. అందరం భాయ్ అనేవాళ్లం.

"సీలు బిగించమంటే సేమ్యా కలుపుతున్నావేంటి భాయ్? చెయ్యి వణుకుతోందా?" అన్నాడు మేనేజర్ ఒక ఏడాది అందరి ముందే. "వచ్చే దసరాకి కూడా కారిందంటే గేటు బయటే."

"ఇంట్లో టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుని, చెయ్యే చూసుకుంటున్నా సార్," అన్నాడు భాయ్ తర్వాత నాతో.

ఆ వారమే ఎక్స్ఛేంజర్ కింద వంగి చూశాను. దాని రెండు కాళ్లలో ఒకదానికి బోల్టు రంధ్రం పొడుగ్గా ఉంది. వేడికి సాగే ఇనుము జరగడానికే ఆ చోటు. అందులో ఏళ్ల దసరా రంగు గడ్డకట్టింది. వదులుగా ఉంచాల్సిన నట్లు భక్తిగా బిగించేశారు. జరగలేని ఇనుము పైపుని తోస్తోంది, పైపు పంపుని వంచుతోంది, అందుకే సీలు కారుతోంది.

మేనేజర్‌తో చెప్పాను.

"అంటే అమ్మవారి పూజ వల్ల పంపు పాడైందంటారు! ఇంకా నయం, కొబ్బరికాయ వల్ల అనలేదు ఇంజనీరు గారూ."

గదిలో వాళ్లంతా నవ్వారు. ఆ నవ్వుల్లో ఏ గొంతు ఎవరిదో ఇప్పటికీ చెప్పగలను. మరో రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ మాట మార్చి టీ తెప్పించాడు.

మళ్లీ దసరా వచ్చింది. పూజ అయ్యాక, కొలిమి వెలిగించకముందే, నేనూ భాయ్ ఆ కాలి దగ్గర కూర్చున్నాం.

"బొట్టుకి తగలకుండా గీకండి సార్. చెరిగితే అదీ నా మీదే పెడతారు."

రంగు గీకి, నట్లు వదులు చేసి, కాలి మీదుగా కింది దిమ్మ దాకా సుద్దముక్కతో ఒకటే గీత గీశాను. కొలిమి అంటుకుంది. వేడి నూనె వచ్చింది. ఏ చప్పుడూ లేదు. చూస్తుండగా గీత రెండుగా విడిపోయింది. లారీకి ఎత్తాలంటే క్రేను కావాల్సిన ఆ ఇనుము తనంతట తానే వేలు మందం జరిగింది.

"యా అల్లా! ఊపిరి పీల్చుకుంటోంది సార్!"

మేనేజర్ వచ్చి గొంతుక్కూర్చుని చూశాడు. ఆ ఏడు సీలు కారలేదు. ఆ పైన కూడా కారలేదు.

తర్వాత మేనేజర్ బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో యజమానులకు విందు ఇచ్చి, "లోపం మేమే పట్టుకున్నాం" అన్నాడు. నా సంగతి సరే, నాకది అలవాటే. కానీ తప్పు భాయ్ చేతిది కాదని ఆ విందులో గానీ, ప్లాంటులో గానీ ఒక్క ముక్క అనలేదు. మొన్న పామర్రులో భాయ్‌ని కలిశాను. టీ గ్లాసు ఇంకా రెండు చేతులతోనే పట్టుకుంటున్నాడు.

మేనేజర్ గారూ, ఆ గీత మీరూ చూశారు. అందరి ముందు తిట్టిన మనిషికి అందరి ముందే చెబుతారా, చెప్పరా? జవాబు కావాలి.