డబ్బాలో జమ్మి ఆకు

ఆఫీసు గదిలో బల్ల మీద తెల్ల కాగితం పరిచి ఉంది. కాగితం మీద మేం చేసిన ఆయిల్ ఫిల్టరు ఒకటి, నిలువునా రెండు ముక్కలుగా కోసి ఉంది. దాని పక్కన ఒక చిన్న ఎండు రెమ్మ. కార్ల కంపెనీ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు దాన్ని చిమటాతో పట్టుకుని పైకెత్తి, మా ముఖాలకు చూపించి, మళ్లీ జాగ్రత్తగా కాగితం మీద పడుకోబెట్టాడు.

"మీరు నమూనాకు పంపిన డబ్బాల్లో ఒకదాన్ని కోస్తే ఇది వచ్చింది. ఏమిటండీ ఇది?"

గదిలో ఆయన ముందు నలుగురం ఉన్నాం. మా సేటు, మా ఫోర్‌మెన్, డబ్బాలకు మూతలు బిగించే మిషన్ మీద పనిచేసే అక్క, నేను. అది జమ్మి ఆకు అని నలుగురికీ తెలుసు. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా ఏ పసివాణ్ణి అడిగినా చెబుతాడు. దసరా సాయంత్రం ఆ ఆకు తెచ్చి, బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకుంటాం. దసరా పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఇన్‌స్పెక్టరు కోస్తావైపు మనిషి. ఆయనకు అది ఒట్టి ఆకు. మాకు మాత్రం పండుగ రోజు మా షెడ్డులోనే జరిగిన పని అని చూడగానే అర్థమైంది. అందుకే ఎవరం నోరు విప్పలేదు.

"ఏదో ఆకు లెక్క ఉంది సార్," అన్నాడు ఫోర్‌మెన్ చివరికి.

"ఆకని నాకూ కనబడుతోంది. ఇంజనుకు నూనె పోయే దారిలో ఆకెందుకుందని అడుగుతున్నాను."

అవి డెబ్బైలలో పటాన్‌చెరు చుట్టూ రేకుల షెడ్లు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులు. మా సేటుది సంగారెడ్డిలో పప్పులు, బియ్యం వ్యాపారం చేసే కుటుంబం. బస్తాల ధూళి పీల్చీ పీల్చీ విసుగు పుట్టి, ఆయన ఈ షెడ్డు వేశాడు. ఆయనకు కారు లేదు, మాలో కొందరికి సైకిలు కూడా లేదు. కారులో ఎన్నడూ కూర్చోని వాళ్లమంతా కలిసి కార్లకు జల్లెడలు చేసేవాళ్లం.

జల్లెడే అది. రేకు డబ్బాలో మడతలు మడతలుగా కాగితం, దాని నడుమ చిల్లుల గొట్టం. మురికి నూనె కాగితం బయట వైపు వస్తుంది. మురికిని కాగితానికి అప్పగించి, శుభ్రపడి, నడిమి గొట్టంలోకి దిగి, అక్కడి నుంచి తిన్నగా ఇంజనుకు పోతుంది. కాగితం బయట చెత్త ఉంటే చింత లేదు, అది దాని జాగా. గొట్టం లోపల చెత్త ఉంటే మాత్రం దాన్ని ఆపే నాథుడు లేడు. ఈ రెమ్మ దొరికింది గొట్టం లోపలే.

నా పని బుడగలు చూడటం. మూత బిగించిన డబ్బాకు గాలి పైపు తగిలించి నీళ్ల తొట్టిలో ముంచుతాను. బుడగ వస్తే డబ్బా కారుతున్నట్టు, పక్కకు విసిరేస్తాను. రాకపోతే ఆకుపచ్చ సిరాతో ముద్ర వేస్తాను. ఇంతకంటే పెద్ద చదువు నాకు లేదు. ఏడో తరగతిలో లెక్కల సారు, నేను ఒకరినొకరు భరించలేని స్థితికి వచ్చాం. ఇద్దరిలో ఒకరు బడి మానక తప్పలేదు. ఆయనకు పిల్లలున్నారు గదా అని నేనే మానేశాను.

కోసిన డబ్బా మీద ఉన్నది నా ముద్రే. ఆకు బుడగలు వదలదు గదా, నా తొట్టి దాన్ని ఎట్లా పట్టుకుంటుంది?

ఇన్‌స్పెక్టరు అరవలేదు. అరిస్తే బాగుండేది. నెమ్మదిగా చెప్పాడు. ఆకు దారిలో అడ్డం పడితే నూనె ఆగుతుంది, నూనె ఆగితే ఇంజను బిగుసుకుపోతుంది. అప్పుడు కారు ఘాటు రోడ్డు మీద ఉందో, లారీ ముందు ఉందో ఎవరికి తెలుసు? "సాయంత్రం దాకా ఉంటాను. ఇది ఎలా వచ్చిందో నాకు కారణం కావాలి. గోదాములో ఉన్న సరుకులోంచి కొన్ని కోసి చూస్తాను. కారణం చెప్పకపోయినా, చెప్పిన కారణానికీ దొరికిన దానికీ పొంతన లేకపోయినా మొత్తం సరుకు వెనక్కి. మళ్లీ ఆర్డరు ఉండదు."

సేటు తల ఊపాడు. ఆయన ముఖం రేకులాగా అయింది.

బయటికి రాగానే ఫోర్‌మెన్ నా మోచెయ్యి పట్టి కంప్రెసరు చాటుకు లాక్కుపోయాడు.

"నిజం చెప్పు. నువ్వేనా?"

"నేనెందుకు వేస్త ఫోర్‌మెన్ సాబ్?"

"తొట్టిల కప్పనెవడేసిండ్రా మరి?"

వానాకాలంలో నా నీళ్ల తొట్టిలో ఒక కప్పను వదిలి, డబ్బాలన్నీ కారుతున్నాయని నేనే కేకవేశాను. ఫోర్‌మెన్ పరుగున వచ్చి, బుడగలు చూసి, ట్రేలకు ట్రేలు వెనక్కి పంపాడు. ఆఖరికి కప్ప గట్టెక్కి ఆయన్నే చూసింది. షెడ్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది.

"కప్ప నాదే. ఆకు నాది గాదు. నా అమ్మ తోడు."

ఫోర్‌మెన్ భానూరు మనిషి, చెడ్డవాడు కాదు. కాసేపు గాలి పైపు దిక్కు చూసి, గొంతు తగ్గించాడు. "సరే, నీది గాదనుకో. అయినా నీదే అని చెప్పు. పరాచికానికి ఏసిన అను. ఆయనకు కారణం దొరుకుతది, సరుకు అమ్ముడుపోతది, అందరి కడుపులు నిండుతయి. నిన్ను తీసేసినట్టు చేసి, రెండు మూడు నెలలాగి మళ్ల పిలుస్త."

"తీసేసినట్టు చేసుడు ఎట్లుంటది సాబ్? తిన్నట్టు చేసుడు లెక్కనా?"

"జెర మజాకులు బంద్ చేయరా! ఇక్కడ పానం పోతుంది."

నా పానమే పోతోంది. అంతకుముందు ఒక హోటల్లో, ఒక సైకిలు షాపులో, ఒక టూరింగు టాకీసులో పనిచేసి, మూడు చోట్లా నోటి దురుసు వల్లనే బయటపడ్డాను. ఈ పని కూడా పోగొట్టుకుంటే పుట్టింటికి పోతానని నా భార్య ముందే చెప్పింది. ఆమె నాలాగా కాదు, అన్న మాట చేస్తుంది. పైగా చేసిన ఎగతాళికి తిట్లు పడటం న్యాయం, నాకు అలవాటే. చేయని ఎగతాళికి ఉద్యోగం పోవడం మాత్రం గొంతు దిగలేదు.

తొట్టి దగ్గరికి తిరిగి వస్తే అక్క నా కోసం నిలబడి ఉంది. ఎవరూ లేరని చూసుకుని దగ్గరకు జరిగింది.

"తమ్మీ, ఆ ఆకు సేటు పెట్టిండు."

"ఏంది?"

"మెల్లగ. దసరా నాడు పూజ అయినంక అందరు పోతున్నరు. నేను చెప్పుల కోసం మళ్లొచ్చిన. మూతలకు తయారుగ ఉన్న మొదటి ట్రే కాడ నిలబడి, బొట్టు పెట్టి, డబ్బా డబ్బాకు ఇంతింత బంగారం పెడుతున్నడు. వాళ్ల దుకాణంల గల్లపెట్టెల పెడతరు సూడు, గట్లనే. కండ్లు మూసుకుని మొక్కిండు. తెల్లారి వచ్చి సూస్తే పైన ఆకు లేదు. ఎవరో తీసిండ్రనుకున్న. మూతలు బిగించిన."

అంటే ఆకులు ఎవరూ తీయలేదు. జమ్మి ఆకెంత, గోరంత. నడిమి గొట్టంలోకి జారిపోయాయి.

"మరి ఆడ చెప్పకపోతివి?"

"సేటు నిలబడ్డంక నేను చెప్పాల్నా? నువ్వు గూడ నోరు తెరవకు. తెరిస్తే కంపెనీ మూత పడ్డట్టే."

మూతలు బిగించే ఆమె ఆ మాట అనడం మామూలప్పుడైతే నాకు పండుగే. ఆ రోజు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక గోదాములోకి పోయాం. పొడవాటి చెక్క ట్రేలు గోడవారగా పేర్చి ఉన్నాయి. కోసే పని నాకు చెప్పారు. డబ్బాను వైసు దవడల మధ్య బిగించి, రంపం పట్టుకుని నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరు సుద్దముక్కతో ట్రేల మధ్య తిరుగుతూ, తన ఇష్టం వచ్చినదాని మీద గీత పెడుతున్నాడు. ఒకటి పెట్టాడు. ఇంకోటి పెట్టాడు. సేటు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

అప్పుడు చూశాను నేను. కింది వరసలో ఒక ట్రే మూలన ఎర్రగా, ఎండిన కుంకుమ బొట్టు.

ఇన్‌స్పెక్టరు దాని ముందుకు వచ్చాడు. వంగాడు. సుద్దముక్క చెక్కకు జానెడు దూరంలో ఆగింది. నా పక్కన ఫోర్‌మెన్ కూడా బొట్టు చూసి సంగతి కనిపెట్టినట్టున్నాడు, ఊపిరి బిగబట్టాడు. బొట్టు ఆయనకు కనబడింది, కానీ పండుగకు మిషన్లకూ తలుపులకూ పెట్టిన బొట్లు షెడ్డు నిండా ఉన్నాయి. ఆయన నడుం పట్టుకుని లేచి, పక్క ట్రే మీద గీత పెట్టి, ముందుకు సాగిపోయాడు.

ఫోర్‌మెన్ ఊపిరి వదిలాడు. అక్క కళ్లు మూసుకుని తెరిచింది. గండం గడిచింది. ఇక గీతలు పెట్టిన ట్రేల్లో ఏమీ దొరకదు. ఆకు ఎట్లా వచ్చిందో మాత్రం చెప్పాలి, దానికి నేనున్నాను. బొట్టు ట్రే మిగతా సరుకుతో పాటు లారీ ఎక్కుతుంది. ఆ డబ్బాలు ఎవరెవరి కార్లకో బిగిస్తారు. ఎవడో పెళ్లాం పిల్లలను ఎక్కించుకుని ఘాటు దిగుతుంటాడు.

నా నోటికి అప్పటిదాకా మంచి పేరు లేదు. మూయాల్సినప్పుడు తెరుచుకోవడమే దాని గుణం.

"సార్, ఆ బొట్టు ఉన్న ట్రే కొయ్యాలె సార్. ఆకులు అండ్లనే ఉన్నయి."

ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగాడు. నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"నీకెలా తెలుసు?"

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఆకులు ఎక్కడున్నాయో పెట్టినవాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? తాడు నేనే పేని, నేనే ముడివేసి, నేనే తల దూర్చాను. అక్క పేరు చెప్పలేను. సేటు పేరు సేటు ముందే, కొనేవాడి ముందే ఎట్లా చెప్పను?

"అవి జమ్మి ఆకులు సార్. దసరాకు మేం బంగారమని ఇచ్చుకుంటం. పండుగ నాడు ఆ ట్రేకు పూజ అయింది. బొట్టు అందుకే ఉంది."

"పూజ ఎవరు చేశారు?"

నేను రంపం దిక్కు చూశాను. ఫోర్‌మెన్ నేల దిక్కు చూశాడు. అక్క కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఇన్‌స్పెక్టరు మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, ఆఖరికి నా మీద ఆగాడు.

"నువ్వేనా?"

అవునంటే ఫోర్‌మెన్ చెప్పిన దారి. కాదంటే ఇంకెవరు అంటాడు. నోరు తెరుచుకోవాల్సింది ఆ ఒక్కసారే, అదేమో పలకలేదు.

"పూజ యజమానే చేస్తడు గద సార్."

గొంతు తలుపు దగ్గర నుంచి వచ్చింది. సేటు లోపలికి రెండడుగులు వేసి మళ్లీ ఆగాడు. "మా దుకాణంల గల్లపెట్టెల పెడతం. మా నాయిన పెట్టేది, తాత పెట్టేది. పెద్ద ఆర్డరు గద, మొదటి ట్రే గద అని... పైననే ఉంటయి, పొద్దుగాల తీయిద్దమనుకున్న. పెండ్లి ఉంటే ఊరికి పోయిన. యాదికి లేదు. గా పోరనికి ఏం సంబంధం లేదు."

ఇన్‌స్పెక్టరు బొట్టు ట్రే ముందుకు పోయి మళ్లీ వంగి చూశాడు. కోప్పడతాడో, నవ్వుతాడో, సంచి సర్దుకుంటాడో తెలియలేదు.

"ఎన్ని డబ్బాల్లో పెట్టారు?"

"చేతిల ఉన్నంత పెట్టిన సార్. లెక్క వెట్టలే."

"అయితే ట్రే అంతా కోయాలి. తరవాత మిగతావి కూడా చూస్తాను. మీ మాట నిజమైతే వాటిలో ఏమీ ఉండకూడదు."

కోశాను. రంపం రేకు మీద కీచుమంటుంటే, డబ్బా విచ్చుకున్న ప్రతిసారీ ఐదు తలలు వంగేవి. బొట్టు ట్రేలో కొన్నింట్లో ఆకు ఉంది, కొన్నింట్లో లేదు. ఉన్నప్పుడు సేటు కళ్లు మూసుకునేవాడు. అవి అయిపోయాక అసలు పరీక్ష మొదలైంది. సుద్దగీత ట్రేల్లోంచి ఇన్‌స్పెక్టరు ఏరి ఇస్తుంటే, ఒక్క ఆకు తునక బయటపడితే చాలు, మా మాట మాటా కాదు, సరుకు సరుకూ కాదు. ఒకదాంట్లో గొట్టం అడుగున సన్నగా, పచ్చగా ఏదో కనబడింది. నా చెయ్యి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు చిమటా పెట్టి తీశాడు. రంపానికి ఊడిన రేకు రంగు పెచ్చు. సేటు అక్కడే ఖాళీ ట్రే మీద కూలబడ్డాడు.

చీకటి పడకముందే అయిపోయింది. ఇన్‌స్పెక్టరు చేతులు కడుక్కుని, సేటుతో అన్నాడు: "కారణం దొరికింది, ఆకు కూడా మీరు చెప్పిన చోటే దొరికింది. మిగతా సరుకు తీసుకుంటాను. కానీ ఇక మీదట మూత వేసే ముందు ప్రతి డబ్బా మీదికి దీపం పెట్టి, గొట్టం అడుగు కనబడేలా చూడాలి. ఆకు యజమాని వేసినా, పనివాడు వేసినా ఇంజనుకు తేడా తెలియదండీ." తరవాత నా దిక్కు తిరిగి, "ఆ చూసే పని ఇతనికి ఇవ్వండి," అన్నాడు.

అది మెచ్చుకోలో, శిక్షో ఇప్పటికీ నాకు తెలియదు. ఫోర్‌మెన్ మాత్రం నా వీపు మీద ఒకటి చరిచి, "బతికినవ్ పో," అన్నాడు. నేను ఇంటికి పోయి భార్యకు పని మారిందని చెప్పాను. పోలేదు గదా అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు మూతల మిషన్‌కు ముందు ఒక బల్బు వేలాడదీశారు. నేను దాని కింద స్టూలు వేసుకుని కూర్చున్నాను. పొద్దున్నే సేటు వచ్చాడు. ట్రేలోంచి ఒక డబ్బా తీసుకుని, బల్బు కిందికి పట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏం కనబడుతుంది సేటూ?"

"అడుగు కనబడుతుంది."

"ఇంకేమన్న?"

"ఇంకేం లేదు."

"అయితే ఇటియ్యి," అని డబ్బా అందుకుని, అక్క దిక్కు జరిపాను. ఆమె మూత పెట్టి మిషన్ తొక్కింది.