వెనక అరలో జవాబులు

ఆ మందుల షాపులో ఆమెను అందరూ సర్దుడక్క అనేవారు. మొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు గానీ, పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. ఎదురుగా ఏదైనా వంకరగా కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. మందులు కొనడానికి వచ్చినాయన కౌంటరు మీద కళ్ళజోడు పెడితే, ఆయనతో మాట్లాడుతూనే దాన్ని తిన్నగా జరిపేది. ఇంట్లో సంగతి సరేసరి. పేపరు చదువుతున్న భర్త మంచినీళ్ళకు లేచి వచ్చేసరికి అది మడతపడి బల్ల కింద చేరి ఉండేది. ఈ ఇంట్లో కదలకుండా కూర్చోవడం ప్రమాదమనీ, మనల్ని కూడా మడతపెట్టేస్తుందనీ ఆయన తమ్ముడితో అంటుండేవాడు.

షాపు నేర్పిన పద్ధతులు రెండు ఆమెకు బాగా ఒంటబట్టాయి. ఒకే రకం మందులు ఒకే అరలో ఉండాలి. కొత్త సరుకు వస్తే పాతదాని వెనక పెట్టాలి, లేకపోతే పాతది అమ్ముడుపోకుండానే ఎక్స్‌పైరీ అయిపోతుంది. ఇందులో తప్పేముంది? మందుల విషయంలో ఏమీ లేదు. చిక్కంతా లోకంలో ఉన్నవన్నీ మందులే అనుకోవడంలో వచ్చింది.

ఆమె అత్తగారు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. రోజల్లా ఎవరెవరి మాటలో కలిపి, ఇంటికొచ్చాక తన మాటలు మొదలుపెట్టేది. అలాంటావిడకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి గానీ మాట రాలేదు. ఎప్పుడో ఒక్క ముక్క పెగిలేది, అదీ సందర్భం లేకుండా. ఒకరోజు పొద్దున వంటగది కిటికీకి ఆకుపచ్చ కర్టెన్ వేద్దామా, నీలందా అని సర్దుడక్క ఆవిణ్ణి అడిగింది. జవాబు రాకపోయేసరికి ఆకుపచ్చది వేసేసింది. మధ్యాహ్నం అందరూ అన్నం తింటుండగా అత్తగారు ఉన్నట్టుండి "నీలం" అంది. అమ్మ మనసు ఎటో తిరుగుతోందని కొడుకు నిట్టూర్చాడు. సర్దుడక్క ఆవిడ మూతి తుడిచి, పళ్ళెం తీసేసింది.

మాట పోయినవాళ్ళ ఇంటివాళ్ళు కష్టసుఖాలు చెప్పుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక ఉందని ఆస్పత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ చెప్పింది. దాన్ని మొదలుపెట్టింది ఆవిడే. కొన్నాళ్ళకు ఆవిడ వేరే ఉద్యోగానికి వెళ్ళిపోతూ, దాని బాగోగులు సర్దుడక్క చేతిలో పెట్టింది. వేదిక అప్పుడు చూడాలి, సంతలా ఉండేది. కోపం గురించి పది చోట్ల, నిద్ర గురించి ఇరవై చోట్ల, అడిగినవే మళ్ళీ అడుగుతూ. సర్దుడక్క కొంగు బిగించింది. ఒకే విషయం మీద ఉన్నవన్నీ ఒకే చర్చలో చేర్చింది. పాతవి ముందు, కొత్తవి వెనక. ఎవరు కొత్తగా ఏమడిగినా తీసుకెళ్ళి తగిన చర్చ చివర పెట్టేది. వేదిక అద్దంలా తయారైంది. తర్వాత రాసేవాళ్ళు తగ్గుతూ వచ్చినా, గోల తగ్గిందనే అనుకుంది.

అలాంటప్పుడు 'రెండోకొడుకు' అనే మారుపేరుతో ఒకతను రాశాడు. తండ్రికి మాట పోయిందట. తనను చూస్తే చాలు ఆయన కోపంతో ఊగిపోతున్నాడట. ఏం తప్పు చేశానని ఎన్ని విధాల అడిగినా చెప్పలేడు, ఇక మాట్లాడించడం మానేద్దామనిపిస్తోంది, మీలో ఎవరికైనా ఇలా జరిగిందా అని అడిగాడు. సర్దుడక్కకు అందులో కోపం అన్న మాట ఒక్కటే కనిపించింది. తీసుకెళ్ళి కోపం చర్చ చివర పెట్టేసి నిద్రపోయింది.

కొన్నాళ్ళ తర్వాత అతను మళ్ళీ రాశాడు. "ఇక్కడ కూడా ఎవరూ పలకరని అర్థమైంది. సెలవు."

ఆమెకు మొదట చిర్రెత్తుకొచ్చింది. పిలిస్తే పలకడానికి అందరూ పనులు మానుకుని కూర్చున్నారా అనుకుంటూ కోపం చర్చ తెరిచి, చివరి పేజీకి వెళ్ళింది. అక్కడ జవాబులున్నాయి. ఒకటి కాదు, నలుగురైదుగురు కూర్చుని ఓపిగ్గా రాసినవి. 'కిటికీపక్క' అన్న పేరుతో ఒకావిడ ఇలా రాసింది: "ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. రెండోది అడిగితే మొదటిది చెదిరిపోతుంది. మా ఆయన జవాబు పొద్దున అడిగితే సాయంత్రానికి వచ్చేది."

ఇవి అతనికెందుకు కనపడలేదో అర్థం కావడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. కొత్త జవాబు వస్తే ఆ చర్చ పక్కన ఎర్రచుక్క వెలుగుతుంది. కానీ చర్చ తెరిస్తే చాలు, మొదటి పేజీ తప్ప ఏమీ చూడకపోయినా, అన్నీ చదివేసినట్టే లెక్కకట్టి చుక్క ఆరిపోతుంది. అతను తెరిచి ఉంటాడు. ఎప్పటివో పాత మాటలు కనిపించి ఉంటాయి. చుక్క పోయి ఉంటుంది. అతని మందు అతనికి దొరక్కుండా వెనక అరలో దాచింది తనే. అతనికి రాద్దామంటే మొహం చెల్లలేదు. ఈపాటికి అతను తండ్రితో మాటలు మానేశాడేమో అన్నదే ఆమె బెంగ. ఆ బెంగలో, కిటికీపక్కావిడ చెప్పింది తనింటికి కూడా వర్తిస్తుందని తట్టనేలేదు.

మర్నాడు పొద్దున అత్తగారికి తల దువ్వుతూ ఆ సంగతంతా చెప్పుకుంది. "గుమ్మం దాకా వచ్చినవాణ్ణి వెనక్కి పంపించేశాను అత్తయ్యా. నావల్ల కాదు. ఈ పని మానేయనా?"

అత్తగారు అద్దంలోకి చూస్తూ కూర్చుంది. సర్దుడక్క జడ వేసి షాపుకు వెళ్ళిపోయింది.

సాయంత్రం మరిది వచ్చాడు. కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం అతని ఉద్యోగం, అన్నగారింట్లో టీ తాగడం అలవాటు. వంటగదిలో కూర్చుని, కారుతున్న కొళాయి గురించి అన్నదమ్ములు వాదించుకుంటున్నారు. మధ్యలో అత్తగారు "మానకు" అంది.

"ఏం మానకూడదమ్మా? కొళాయి కారడమా?" అని పెద్దకొడుకు నవ్వాడు.

సర్దుడక్క చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆమె చూపు కిటికీకి వేలాడుతున్న ఆకుపచ్చ కర్టెన్ మీదికి పోయింది. వచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుంది. "ఆ రోజు నీలం అన్నది కర్టెన్ గురించేనా అత్తయ్యా?" అని అడిగి, ఇంకేమీ అనలేదు. భర్త ఏదో చెప్పబోతే చేత్తో ఆపింది. టీలు చల్లారాయి. కొళాయి చుక్కలు వినిపిస్తూనే ఉన్నాయి. చాలాసేపటికి అత్తగారు తల ఊపింది.

పెద్దకొడుకు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ అమ్మ జవాబులు చెబుతూనే ఉంది, తామే అప్పటికి వేరే ప్రశ్నలోకి వెళ్ళిపోయి ఉన్నారు. ఎన్ని పోగొట్టుకున్నారో తలుచుకుంటే సర్దుడక్కకు ఏడుపొచ్చింది. ఏడ్చేసి, ముక్కు తుడుచుకుని, మరిదిని కూర్చోబెట్టింది.

కావలసినవి ఆమె తేలిక మాటల్లో చెప్పింది. మనిషి కంటితో చూసిన జవాబుకే చుక్క ఆరాలి. చుక్క నొక్కితే, చర్చ ఎంత పొడుగున్నా, చదవని మొదటి జవాబు దగ్గరికే తీసుకెళ్ళాలి. ప్రతి జవాబు పైనా అది ఏ ప్రశ్నకో కనిపించాలి.

"ఇదేం పెద్ద పని కాదు వదినా. నన్నడగడానికే ఇన్నాళ్ళు పట్టింది నీకు," అన్నాడు మరిది.

మార్పులు పూర్తయ్యాక ఆమె రెండోకొడుక్కి రాసింది. మీకు జవాబులు అప్పుడే వచ్చాయి, కనపడకుండా సర్దింది నేను, దయచేసి ఒక్కసారి వచ్చి చుక్క నొక్కండి అని. అతను పలకలేదు. రోజులు గడిచాయి. ఆమె రెండోసారి రాయబోయి, అత్తగారు గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈలోగా ఇంట్లో కర్టెన్ మారింది.

ఒక మధ్యాహ్నం షాపులో ఉండగా ఫోనులో చుక్క వెలిగింది. నొక్కితే నేరుగా అక్కడికే వెళ్ళింది.

"అన్నీ చదివాను. నామీద కోపమా నాన్నా అని ఒక్కటే అడిగి పక్కన కూర్చున్నాను. చీకటిపడే వేళకు, నీమీద కాదు అన్నారు."

ఆమె దాన్ని మళ్ళీ చదివింది. మళ్ళీ చదివింది. ఎదురుగా ఒక పెద్దాయన దగ్గుమందు ఉందా అని అడిగాడు. దూది ఉందా అన్నాడు. చివరికి షాపు ఎప్పుడు మూస్తారని కూడా అడిగి, విసుగొచ్చి ఓనరుగారి వైపు చూశాడు. సర్దుడక్క కళ్ళు తుడుచుకుని తలెత్తింది.

"ఉంది," అంది.

"ఏది ఉందమ్మా?"

"మీరు మొదట అడిగింది," అని దగ్గుమందు కోసం వెనక్కి తిరిగింది.