పాతరలో పడ్డ చెప్పులు

పిన్ని గేదె పాలిథిన్ కవరు మింగి, కడుపుబ్బి, చావు తప్పి బతికిన ఏడాదే మా వీధికో చట్టం వచ్చింది. పిన్నంటే మా ఎదురింటావిడ. అవి ఎనభైల నాటి రోజులు. బొల్లాపల్లి దగ్గరి మా ఊళ్ళో ఎరువుల బస్తాల లోపలి కవర్లు కంపచెట్ల మీద జెండాల్లా ఎగిరేవి. జొన్నలు పోయడం మానేసి ఖాళీగా ఉన్న తన పాతరను పిన్ని వీధికి ఇచ్చేసింది. లోతు నడుము దాకా ఉండేది. శుక్రవారం పొద్దున వీధి ఊడ్చేవేళ గడప బయట ఏ ప్లాస్టిక్ కనిపించినా అందులో వేయాల్సిందే, ఎవరిదని అడగకూడదు. ఊడ్చే పని ఇంటికొక వంతు. పాతర నిండితే మాచర్ల నుంచి పాతసామాన్లవాడు వచ్చి, ఉల్లిపాయలిచ్చి, సరుకు పట్టుకుపోయేవాడు.

వీధికి పూనకం వచ్చింది. పగిలిన బిందెలు, పిడిపోయిన మగ్గులు సరే, ఒకాయన ఉత్సాహం పట్టలేక భార్య జడలోని క్లిప్పు లాగి మరీ వేశాడు.

ఒక శుక్రవారం పిన్ని కూతురికి పెళ్ళిచూపులు. పిల్ల మరీ పగలబడి నవ్వుతుందని వెనకటి సంబంధం తప్పిపోయింది. ఇదీ పోతుందేమోనని పిన్నికి గుబులు. "వాళ్ళెళ్ళిందాకా పళ్ళు కనపడనీమాక" అని పిల్లకు వంద ఒట్లు పెట్టింది.

మొదటి బస్సుకే దిగినవాళ్ళు కాఫీలు తాగి బయటికొచ్చారు. పెళ్ళికొడుకు తండ్రి చెప్పులు లేవు.

ఆ రోజు వంతు పక్కింటి అవ్వది. "తోలు చెప్పులు ఆడనే ఉన్నయ్ చూడు నాయనా. ప్లాస్టిక్ జత పాతరలో ఏశా. పట్టీ తెగి పిన్నీసు పెట్టుంటే, ఎవరో పారేశారనుకున్నా."

"కొంప ముంచావు గదే అత్తా!" అంది పిన్ని.

"నన్నంటావేందే? ఎవరిదని అడగొద్దన్నది నువ్వేగా!"

ఈలోగా పిల్ల పట్టుచీర ఎగదోపుకుని పాతరలోకి దూకేసింది. మోకాళ్ళ మీద కూర్చుని కవర్లలో మెడదాకా మునిగి, ఒక ఆడచెప్పు పైకెత్తింది. "ఇదేనా మామా?"

"ఏమే, నవ్వమాక!" అని పిన్ని అరవడం, పిల్ల పగలబడటం ఒకేసారి జరిగాయి. వీధంతా అందుకుంది. అప్పటిదాకా పెదవి విప్పని పెళ్ళికొడుకు పాతర అంచున బోర్లా పడుకుని, "అదుగో, నీ మోచేతి కింద!" అని కేకపెట్టి, ఊపిరాడక దగ్గుతూ నవ్వాడు.

చెప్పులు రెండూ దొరికాయి గానీ పిన్నీసు ఊడిపోయింది. పిల్ల తన గాజుకున్న పిన్నీసు తీసి పట్టీకి గుచ్చి ఇచ్చింది. పెద్దాయన చెప్పులు తొడుక్కుని, నాలుగడుగులు నడిచి చూసుకుని వెనక్కి తిరిగాడు.

"చూడమ్మాయ్, మా ఇంటికొచ్చినాక ఈ శుక్రవారం చట్టం మాత్రం పెట్టమాక. నాకున్నయ్యి ఇయ్యే."

పిన్నికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక అరుగు మీద కూలబడి నవ్వింది చూడండి, కూతురికి ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది మాకు.