నూనె తేలిన పల్లి పొడి

ఎనభైల చివర్లో కట్టంగూర్‌లోని మా ఇంటి ముందు గదిలో ఒక విదేశీయురాలు కిరాయికి ఉండేది. మా వైపు జనాల పళ్లు పచ్చబడటానికీ ఎముకలు వంగటానికీ కారణమయ్యేది బావుల నీళ్లలో ఏముందో పరీక్షించే బృందంలో ఆమె పని. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను, అంటే ఇంట్లోనే ఉంటున్నాను. ఇంట్లో అందరికంటే నా ఇంగ్లీషు కాస్త మేలు కాబట్టి దుబాసీ పని నా మెడకే పడింది.

ఆమెకు షుగర్. పొద్దున్నే సూది వేసుకుని వెంటనే కడుపు నిండా ఏదైనా తినాలి. మా ఉప్మాలో పచ్చిమిరపకాయ తగిలితే ముఖం కందిపోయేది. అందుకని వాళ్ల దేశం నుంచి తెచ్చుకున్న పీనట్ బటర్‌ను జొన్నరొట్టెకు రాసుకుని తినేది. ఉత్త పల్లీల ముద్ద, అందులో చక్కెర ఉండదు. ఎండాకాలంలో ఆఖరి డబ్బా అయిపోయింది. హైదరాబాద్‌లో వెతికితే ఒక సీసా దొరికింది గానీ దాని మీద పల్లీల పక్కనే చక్కెర పేరూ ఉంది. అది తింటే ఆమె షుగర్ చూసుకునే పరీక్ష పట్టీ రంగు మారింది. మానేసి సగం రొట్టెతో వెళ్తే ఒక బావి గట్టున కళ్లు తిరిగి కూలబడింది. వాళ్ల పెద్దసారు వచ్చి, మళ్లీ వచ్చి చూస్తాననీ, అప్పటికీ ఇట్లాగే ఉంటే పని ఆపించి వాళ్ల దేశానికి పంపేస్తాననీ చెప్పి పోయాడు. ఆమె గది తలుపు వేసుకుని ఏడ్చింది. మా గోడలు పలుచన. అందరం విన్నాం, విననట్టు తిరిగాం.

"పల్లీల కోసం గా పిల్ల ఏడ్సుడేందిరా? మనింట్ల బస్తా ఉన్నది," అంది మా అవ్వ.

మంగలంలో వేయించి, పొట్టు చెరిగి, రోట్లో దంచింది. పొడి వచ్చింది. రొట్టె మీద వేసుకుంటే సగం ఒళ్లో పడింది. అమ్మ నీళ్లు కలిపి చూస్తే సాయంత్రానికి పులిసింది. నేను ఖాళీ డబ్బా అడుగు చూపించి, ఇట్లా జారాలి అన్నాను. అవ్వ వేలితో తాకి, ఇది చెడిపోయిన పొడి అని తేల్చేసింది. మా దగ్గర పల్లి పొడి దంచే పనితనమంతా సమయానికి ఆపడంలోనే ఉంది. నాలుగు పోట్లు ఎక్కువైతే నూనె తేలి ముద్దవుతుంది. ముద్ద చేసిన కోడలి గురించి వాడకట్టంతా మాట్లాడుకుంటుంది. అవ్వ జన్మలో ముద్ద చేయలేదు, ఇప్పుడూ చేయనంది. రోజూ పొడిపొడిగా దంచుతూనే ఉంది. ఆ విదేశీయురాలు రోజూ పొడి గొంతుకు అడ్డుపడి దగ్గుతూ, తిన్నంత తిని లేస్తూనే ఉంది.

పెద్దసారు మళ్లీ వస్తానన్న వారంలోనే, అవ్వ దంచుతుండగా పక్కింటామె గోడ మీదుగా గొడవకు దిగింది. మా బర్రె వాళ్ల చొప్ప తిన్నదట. అవ్వ నోటితో జవాబు చెబుతూ చేతులతో పోట్లు వేస్తూ పోయింది. గొడవ ముగిసేసరికి రోట్లో పొడి లేదు. గోధుమరంగు ముద్ద ఉంది, పైన నూనె మెరుస్తోంది.

"పాడైపాయె. తీస్కపోయి బర్రె కుడితిల కలుపు," అంది అవ్వ.

నేను గిన్నెలోకి తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి ఆ విదేశీయురాలు ఎదురైంది. వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. గిన్నె లాక్కుని అక్కడే మెట్టు మీద కూర్చుంది. సినిమాలో అయితే ఇక్కడ వీణ మోగేది. మా ఇంట్లో బర్రె అరిచింది, కుడితి ఆలస్యమైందని.

"పాడైంది తింటాందేందిరా?"

"ఆమెకు పాడైందే కావాల్నట అవ్వా."

అవ్వ మళ్లీ రోకలి అందుకుంది. "అయితే తలుపెయ్యి. ఇంకింత పాడుజేస్త. ఎవలన్న జూస్తే నా ఇజ్జత్ పోతది."

పెద్దసారు వచ్చేనాటికి ఆమె బావుల దగ్గరికి నడిచి వెళ్లొస్తోంది. ఆయన పరీక్ష పట్టీ చూశాడు, ఆమె ముఖం చూశాడు, మా ఇంట్లో చాయ తాగి ఒక్కడే జీపెక్కాడు. ఆమె వానాకాలం దాకా ఉండి, పని పూర్తి చేసుకునే పోయింది.

అన్నాళ్లూ అవ్వ లోపల గొళ్లెం పెట్టుకునే దంచింది. ఆ చప్పుడు విని, మా ఇంట్లో అత్తాకోడళ్లు పొద్దున్నే తలుపేసుకుని కొట్టుకుంటున్నారని వాడకట్టులో అనుకున్నారు. అవ్వ కాదనలేదు. ఆమె లెక్కలో కొట్లాటకు ఇజ్జత్ పోదు.